నాయన బ్యాండు గురించి రాయొద్దంటున్నాడు అన్న, ఏం చేయాలి?

అనంతపురం నుంచి ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే శాఖ బయట పెట్టొద్దని కోరారు. మిగతా సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆయన వయసు 44. గుమాస్తా ఉద్యోగం. పుట్టింది గుంతకల్లు పక్కన పల్లెలో. వాళ్ళ నాయన పెళ్ళిళ్ళ బ్యాండులో కార్నెట్ (ట్రంపెట్‌లాంటి చిన్న ఇత్తడి బూర) వాయించేవారు. ముహూర్తాలు లేని నెలల్లో కూలికి పోయేవారు. యుఫోనియం (లావు గొంతు పెద్ద ఇత్తడి బూర) వాయించే మనిషి రాని రోజు అదీ ఆయనే ఎత్తుకునేవారు. కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర పెళ్ళిళ్ళంటే చిన్నకొడుకుని వెంటబెట్టుకుని పోయేవారు. బ్యాండు వాళ్ళకు చివరి బంతిలో, ఒక్కోసారి పందిరి బయట, అన్నం పెట్టడం ఈ పాఠకుడు కళ్ళారా చూశారు. కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక నాయన కార్నెట్ పక్కన పెట్టేశారు. ఐదేళ్ళ కిందట పోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గుంతకల్లులో పాత సామాన్ల అంగడిలో ఈయనకు ఒక ఎల్పీ గ్రామఫోన్ రికార్డు కనిపించింది. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఒకటి ఇల్లు ఖాళీ చేస్తూ తూకానికి వేసిన పెట్టెలోది. అట్ట మీద ఇంగ్లండు బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి వాయిద్యాల బృందం, ముందు వరసలో నాయన చేతిలో ఉండేలాంటి కార్నెట్లు. నలభై రూపాయలకు కొన్నారు. అక్కడి నుంచి అదే పని. బెంగళూరు పోయినా, హైదరాబాదు జుమేరాత్ బజారుకు పోయినా యాభైకీ వందకీ దొరికే బ్రాస్ బ్యాండు రికార్డులే వెతుకుతారు. ఇప్పుడు 260 దాకా ఉన్నాయి. ప్రతి రికార్డూ విని లాంగ్ నోట్‌బుక్కులో రెండు పేజీల సమీక్ష రాస్తారు. వాటిలో కొన్ని ఒక చిన్న మాసపత్రికలో అచ్చయ్యాయి. మొన్న అచ్చయిన సమీక్షలో, 'మా నాయన ఇదే వాయిద్యం పెళ్ళిళ్ళలో వాయించేవాడు' అని రెండు వాక్యాలు రాశారు.

కడపలో టీచరుగా ఉన్న అన్న అది చూసి ఫోన్ చేశారు. 'నాయన బూర ఊదిన సంగతి ఊరంతా చాటాల్నా? పిల్లకు సంబంధాలు చూస్తా ఉండాము. పెళ్ళయ్యేదాకన్నా ఆ రాతలు ఆపలేవా? అసలు ఆ ప్లేట్లన్నీ అమ్మి పారేయి' అన్నారు. రెండు నెలలుగా మాటల్లేవు.

ఇంట్లో ఇంకో గొడవ. కూతురి ఇంటర్ ఫీజు కోసం వేసిన చీటీ పాడుకుని, అందులోంచి 18 వేలు పెట్టి బెంగళూరులో ఒకరి దగ్గర వందకు పైగా రికార్డులు గంపగుత్తగా కొన్నారు. భార్యకు ఐదు వేలని చెప్పారు. ఆమె ఐదు వేలకే మండిపడుతున్నారు. 'మనుషులు తిరిగేదానికి చోటు లేదు. అటకెక్కించండి, లేకుంటే అమ్మేయండి' అంటున్నారట.

'అమ్మేయాలా, రాయడం మానేయాలా, అన్నతో తెగతెంపులు చేసుకోవాలా?' అని ఈయన అడుగుతున్నారు. చివర్లో, నాయన ట్రంకు పెట్టెలో దొరికిన నాలుగు బరువైన పాత రికార్డులకు తెల్లగా బూజు పట్టింది, శానిటైజరుతో తుడవచ్చా అని కూడా అడిగారు. తను రాసిన రెండు సమీక్షలు జతచేశారు.

మీ ఉత్తరం రెండు సార్లు చదివాను, సమీక్షలు మూడు సార్లు చదివాను. ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. మిగతావాటికి కొంత వ్యవధి ఉంది, దీనికి లేదు. ఫీజు కట్టాల్సిన నెల వచ్చేసరికి చీటీ లెక్కలో పదమూడు వేలు తక్కువని మీ ఆవిడకు ఎలాగూ తెలుస్తుంది. ఆ రోజు ఆమె కోపం రికార్డుల మీద ఉండదు. ఐదు వేలని మీరు చెప్పిన మాట మీద ఉంటుంది. అప్పుడు మీరు ఏ రికార్డు గురించి ఏం చెప్పినా ఆమెకు అబద్ధంలాగే వినిపిస్తుంది. కాబట్టి ఈ వారంలోనే అసలు అంకె చెప్పండి.

చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. 'మా నాయన గుర్తుకొచ్చి కొన్నాను' అని మొదలుపెట్టకండి. అది నిజమే కావచ్చు. కానీ పోయిన మామగారి పేరు ముందు పెడితే ఆమె కోప్పడటానికి కూడా వీలు లేకుండా పోతుంది. కోప్పడే హక్కు ఆమెకుంది, అది మీ కూతురి ఫీజు డబ్బు. ముందు అంకె చెప్పండి, తర్వాత అది ఎలా పూడుస్తారో చెప్పండి, నాయన మాట చివర్లో రానివ్వండి. పూడ్చడానికి దారులు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి, ఆ 18 వేలు తిరిగి జమయ్యేదాకా ఒక్క రికార్డు కూడా కొనకపోవడం. నెలకు పదిహేను వందలు, రెండు వేలు వీటికి పోతున్నాయని మీరే రాశారు. ఆ లెక్కన ఏడాది లోపు తీరిపోతుంది. కానీ ఫీజు గడువు అంతకంటే ముందే ఉంటే మధ్యలో ఎక్కడో చేబదులు తేవాలి. రెండోది, కొన్ని అమ్మడం.

అమ్మకం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఈ రికార్డులు మీకు యాభైకీ వందకీ దొరకడానికి కారణమే వాటికి కొనేవాళ్ళు తక్కువ కావడం. ఇంగ్లండులో ఇవి లెక్కకు మించి అచ్చయ్యాయి. బ్రిగ్‌హౌస్ అండ్ రాస్ట్రిక్ బ్యాండు పాట ఒకటి 1977లో అక్కడి అమ్మకాల పట్టికలో రెండో స్థానం దాకా పోయింది. అంత విరివిగా అమ్ముడైన సరుకు తరవాతి తరానికి అక్కర్లేకపోతే పాత సామాన్ల అంగళ్ళకే చేరుతుంది. మన దేశంలో పాత రికార్డులు కొనేవాళ్ళు ఎక్కువగా సినిమా పాటలూ, హిందుస్తానీ, కర్ణాటక కచేరీలూ, రాక్ సంగీతమూ అడుగుతారు. కాబట్టి 260 రికార్డులూ ఒకేసారి అమ్మకానికి పెడితే చీటీ డబ్బులో సగం రావడం కూడా కష్టమే. అన్న మాట కోసమో, ఇంట్లో గొడవ తప్పించుకోవడానికో మొత్తం అమ్మితే డబ్బూ రాదు, రికార్డులూ ఉండవు. అలా చేయొద్దనే నా గట్టి అభిప్రాయం.

తగ్గించుకోవడం మాత్రం మంచిదే. ఒకే రికార్డు రెండు కాపీలున్నవీ, గోరు తగిలేంత లోతు గీతలున్నవీ, వంకర పోయినవీ, బ్రాస్ బ్యాండు అనుకుని పొరపాటున కొన్న మిలిటరీ బ్యాండు రికార్డులూ ముందు తీసేయండి. ఈ ఆఖరిది మీకు ఇంకా తేల్చుకోవడం రావడం లేదని రాశారు. అట్ట మీద ఫొటో చూడండి, లేదా ఒక పాట వినండి. క్లారినెట్టో ఫ్లూటో ఉంటే అది మిలిటరీ బ్యాండు. ఇంగ్లండు బ్రాస్ బ్యాండులో పాతిక మందికి పైగా ఉంటారు. డ్రమ్ములు పోతే మిగతావన్నీ ఇత్తడి వాయిద్యాలే: కార్నెట్లు, ఒక ఫ్లూగెల్ హార్న్, టెనర్ హార్న్‌లు, బారిటోన్‌లు, యుఫోనియంలు, ట్రాంబోన్‌లు, పెద్ద బేస్‌లు. ట్రంపెట్ కూడా ఉండదు. మన పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ ఉంటుంది కాబట్టి అది వినిపించినా మీకు తేడా అనిపించి ఉండదు. ఇలా జల్లెడ పడితే వందా నూట యాభై మిగులుతాయనుకుంటాను.

మిగిలినవాటిని అటక మీద మాత్రం పెట్టనివ్వకండి. అనంతపురం ఎండకు మిద్దె స్లాబు కింద అటక ఎంత కాగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎల్పీలు వినైల్ ప్లాస్టిక్. పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ వేడిలో ఒక వేసవి ఉంచితే వంగిపోతాయి. ఇంట్లో మళ్ళీ చదును చేయడం చాలా కష్టం. పడమటి గోడకు కాకుండా లోపలి గోడకు ఆనించి, నేల మీదే, పుస్తకాల్లా నిలబెట్టాలి. గోడకు మేకులు కొట్టి వేలాడే అర చేయించకండి. అట్టతో కలిపి ఒక్కోటి పావు కిలో దాకా తూగుతుంది, నూట యాభై అంటే ముప్పై ఏడు కిలోలు. మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు 'ఈ గోడకు నాలుగడుగుల పొడవు, ఒక్క వరస, ఇంతకు మించి పెరగదు' అని కొలత చూపించి ఒప్పుకోండి. కొత్తది ఒకటి ఇంట్లోకి వస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. ఆమె అడుగుతున్నది చోటు, డబ్బు మీద భరోసా. సంగీతం మానేయమని ఆమె ఎక్కడా అన్నట్టు మీ ఉత్తరంలో లేదు.

ఇక సమీక్షలు. మీరు పంపిన రెండింట్లో మొదటిది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ బ్యాండు రికార్డు మీద. చక్కగా, తప్పుల్లేకుండా రాశారు. కానీ అందులో సగం అట్ట వెనక ఇంగ్లీషులో అచ్చయిన సమాచారమే. 'వాయింపు అద్భుతం, శ్రావ్యంగా ఉంది' అని మూడు చోట్ల ఉంది. రికార్డు చేతిలో ఉన్నవాడెవడైనా అంత రాయగలడు. రెండోది బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండు మీద. ఇందులో ఒక చోట, కార్నెట్ సోలో నెమ్మదించే దగ్గర వాయిద్యగాడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకున్నారు. ఎండలో ఊరేగింపు ముందు నడుస్తూ వాయించేవాడైతే అక్కడ తీసుకోడు, డ్రమ్ము చప్పుడు చాటున అంతకు ముందే తీసుకుంటాడు, మా నాయన అలాగే చేసేవాడు, అని రాశారు. ఆ రెండు వాక్యాలు చదివి నేను నా దగ్గరున్న రికార్డు తీసి మళ్ళీ విన్నాను. మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. కూర్చుని, హాలులో, మైకు ముందు వాయించేవాడి ఊపిరి వేరు, నడుస్తూ వాయించేవాడి ఊపిరి వేరు. ఈ మాట ఇంగ్లండులో రాసిన ఏ సమీక్షలోనూ నేను చదవలేదు. మీ అన్న తీసేయమంటున్నది సరిగ్గా ఆ వాక్యాలనే. అవి తీసేస్తే మీ రెండో సమీక్ష కూడా మొదటిదానిలాగే మిగులుతుంది. రాయడం మానేయడమో మానకపోవడమో అని మీరు అడిగారు గానీ, నాయన్ని పక్కన పెట్టి రాయడం అనే మూడో దారి కూడా ఒకటుంది. అది ఎంచుకుంటే పోయేదేమిటో తెలుసుకుని ఎంచుకోండి.

సమీక్షలోనే ఒక సవరణ చెప్పాలి. 'రెండు వైపులా చివరి పాటకు వచ్చేసరికి కార్నెట్లు బొంగురుపోయాయి, బ్యాండు అలసిపోయినట్టుంది' అని రాశారు. బ్యాండు తప్పు కాదది. రికార్డు నిమిషానికి 33 చుట్లకు కొంచెం పైగా, ఒకే వేగంతో తిరుగుతుంది. అంచు దగ్గర చుట్టు పెద్దది, లోపల చిన్నది. అందుకని అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, లేబులు దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే జరుగుతుంది. అంత ఇరుకు చోట పెద్ద శబ్దాన్ని ఇమిడ్చితే ముల్లు సరిగ్గా పట్టుకోలేదు, గొంతు చీరినట్టు వినిపిస్తుంది. బ్యాండు రికార్డుల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఎందుకంటే అందరూ కలిసి గట్టిగా వాయించే ముగింపు పాటే చివర, అంటే లోపలి గాళ్ళలో, పడుతుంది. రెండో వైపు మొదటి పాట శుభ్రంగా ఉండి చివరిది మాత్రమే బొంగురుగా ఉంటే గాడి మీదా ముల్లు మీదా అనుమానపడాలి, వాయించినవాళ్ళ మీద కాదు. మీ ముల్లు ఎప్పుడు మార్చారో ఉత్తరంలో లేదు. పాత సూట్‌కేసు ప్లేయర్ అన్నారు. వాటిలో చాలావాటిలో ముల్లు గాడి మీద మోపే బరువు ఐదారు గ్రాములు ఉంటుంది, మంచి ప్లేయర్లలో రెండు గ్రాములు మించదు. అరిగిన ముల్లు మీద అంత బరువు పడితే ప్రతిసారీ గాడిని కొంచెం కొంచెం చెక్కేస్తుంది. కొనడం ఆపిన ఈ ఏడాదిలో ఒక్క ఖర్చు చేయాల్సి వస్తే కొత్త ముల్లు కొనండి. అదీ మీ ఆవిడకు చెప్పి.

ఇప్పుడు అన్న సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి.

మీ ఉత్తరంలో అన్న గురించి రాసినచోట కోపం బాగా ఉంది. నాయన కష్టంతో చదువుకుని నాయన్నే దాచిపెడుతున్నాడు అన్నారు. ఆయన ఫోన్లో మాట్లాడిన తీరు బాగాలేదు, 'బూర ఊదడం' అనడం మరీ బాగాలేదు. కానీ ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మీరు నాయన వెంట పెళ్ళిళ్ళకు పోయి పాట విన్నారు. ఆయన మీకంటే ఆరేళ్ళు పెద్ద, ఆ చివరి బంతిలో కూర్చోబెట్టడం ఆయన ఇంకా ఎక్కువసార్లు చూసి ఉంటాడు, బడిలో ఎగతాళి ఇంకా ఎక్కువ పడి ఉంటాడు. ఇద్దరూ ఒకే నాయన బిడ్డలే అయినా ఆ బ్యాండు నుంచి చెరొకటి తెచ్చుకున్నారు. ఉత్తరంలో మీరు పోతూ పోతూ ఒక ముక్క రాశారు: నాయన కార్నెట్ ఇప్పుడు అన్న దగ్గరే ఉంది, బీరువాలో గుడ్డ చుట్టి పెట్టాడు, అడిగితే ఇవ్వడు, అని. దాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకు అది వేరేలా కనిపించింది. నాయన వృత్తి అంటే నిజంగానే గిట్టని మనిషి ఆ కార్నెట్‌ను ఐదేళ్ళుగా గుడ్డ చుట్టి బీరువాలో దాచుకోడు, ఇత్తడి తూకానికి అమ్మి ఎప్పుడో వదిలించుకునేవాడు.

అందుకని ఆయనతో వాదనకు దిగొద్దు. మీరు ఇన్ని రికార్డులు విన్నారు కాబట్టి వాదించడానికి సరుకు మీ దగ్గర బాగానే ఉంది. బ్లాక్ డైక్ 1855లో యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లు కార్మికులతో ఆ పేరు పెట్టుకుంది, గ్రైమ్‌థోర్ప్ 1917లో బొగ్గుగని కార్మికులతో మొదలైంది, ఫోడెన్స్ లారీల ఫ్యాక్టరీది, ఫెయిరీ విమానాల ఫ్యాక్టరీది. పొద్దున షిఫ్టుకు పోయి సాయంత్రం సాధన చేసిన ఈ మనుషుల పోటీలకు 1928లో గుస్తావ్ హోల్స్ట్, 1930లో ఎడ్వర్డ్ ఎల్గర్ అంతటి పేరున్న ఇంగ్లండు స్వరకర్తలు కొత్త సంగీతం రాసి ఇచ్చారు. 1992 అక్టోబరులో గ్రైమ్‌థోర్ప్ గని మూసేస్తామని ప్రకటన వచ్చిన నెలలోనే ఆ బ్యాండు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జాతీయ పోటీ గెలిచింది. మరుసటేడు గని మూతపడింది, బ్యాండు ఇప్పటికీ వాయిస్తోంది. ఇవన్నీ నాకెంతో ఇష్టమైన విషయాలు. మీ సమీక్షల్లో తప్పకుండా రాయండి. కానీ మీ అన్నకు చెప్తే, 'వాళ్ళకు ఆల్బర్ట్ హాలు, మన నాయనకు పందిరి బయట ఆకు' అంటాడు. దానికి మీ దగ్గరా నా దగ్గరా జవాబు లేదు.

ఆయన ముందు మూడు రకాలుగా నడుచుకోవచ్చు.

ఆయన అడిగినట్టే పెళ్ళయ్యేదాకా పత్రికకు పంపడం ఆపేయవచ్చు. నోట్‌బుక్కులో రాయడం ఆపనక్కర్లేదు, ఆపకూడదు కూడా. దీనివల్ల గొడవ చల్లారుతుంది. నష్టం ఏమిటంటే, ఈ పెళ్ళి తర్వాత చిన్నపిల్ల పెళ్ళి, ఆ తర్వాత మీ కూతురి పెళ్ళి, ఇలా గడువు జరుగుతూ పోవచ్చు. కాబట్టి ఒప్పుకుంటే ఈ ఒక్క పెళ్ళి వరకేనని ముందే తేల్చుకోండి.

లేదా కలం పేరుతో రాయవచ్చు. ఊరు పేరు, ఇంటి పేరు లేకుండా 'మా నాయన' అని రాస్తే కడపలో సంబంధం వాళ్ళకు తెలిసే అవకాశం తక్కువ. సమీక్షలో ఆ ఊపిరి వాక్యాలు నిలబడతాయి. కానీ నాయన పేరు ఒక్కసారైనా అచ్చులో చూడాలని మీకుంది, అది ఉత్తరంలో రెండు చోట్ల కనిపించింది. కలం పేరు ఆ కోరిక తీర్చదు, కొన్నాళ్ళు వాయిదా మాత్రం వేస్తుంది.

మూడోది, అన్న ఏమన్నా పట్టించుకోకుండా పేరుతో సహా రాసుకుంటూ పోవడం. మీకు ఆ హక్కుంది. నాయన ఆయనకెంతో మీకూ అంతే. అయితే సంబంధం తప్పిపోతే, కారణం ఏదైనా సరే, ఆ నింద జీవితాంతం మీ మీదే ఉంటుంది. మీ అన్న కూతురి కళ్ళల్లోకి మీరు చూడలేని పరిస్థితి వస్తుంది. నేను దీన్ని మొదటి దారిగా చెప్పను.

ఈ మూడింటికీ ముందు ఇంకొకటి తేలాలి. పిల్లవాడి వైపు వాళ్ళకు మీ అన్న నాయన గురించి ఏమని చెప్పాడు? 'వ్యవసాయం' అనో, 'రైల్వేలో పని' అనో చెప్పి ఉంటే మీరు రాసినా రాయకపోయినా ఒకటే. గుంతకల్లు చుట్టుపక్కల అన్నేళ్ళు పెళ్ళిళ్ళలో వాయించిన మనిషిని గుర్తుపట్టేవాళ్ళు వందల మంది ఉంటారు. పెళ్ళిలోనే ఎవరో ఒక ముసలాయన 'మీ తాత కార్నెట్ మా పెళ్ళిలో మోగింది' అని ప్రేమగా అనొచ్చు. ముందే చెప్పి ఉంటే అది మంచి మాట అవుతుంది, దాచి ఉంటే ఆ పిల్ల కాపురంలో మొదటి గొడవ అవుతుంది. మామగారి ముందు తలదించుకోవాల్సింది అప్పుడు ఆ పిల్లే. మీ అన్నతో మాట్లాడాల్సింది దీని గురించి. 'నేను పెళ్ళిదాకా అచ్చుకు పంపను. నువ్వు మాత్రం లేనిది చెప్పొద్దు. అడిగితే ఉన్నది చెప్పు' అనండి. ఆయన ఇప్పటికే నిజం చెప్పి ఉంటే మీ గొడవ సగం అక్కడే తీరుతుంది. వేరే చెప్పి ఉంటే సరిదిద్దుకోవడానికి నిశ్చయ తాంబూలాల ముందే వీలుంటుంది. తెలిసి వెనక్కి పోయే సంబంధమైతే, పెళ్ళికి ముందు పోవడమే మేలని నేననుకుంటాను. ఈ మాట ఆయనకు కటువుగా ఉంటుంది, కాబట్టి మొదటి రోజే అనకండి.

ఫోన్లో వద్దు, కడపకు మీరే పోండి. పోయినప్పుడు పత్రిక తీసుకుపోవద్దు. కార్నెట్ ఒకసారి చూడాలనుంది అని అడగండి. ఐదేళ్ళు కదపకపోతే మూడు మీటలూ బిగుసుకుపోయి ఉంటాయి. బలంగా లాగొద్దు, రెండు మూడు చుక్కలు వాల్వ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు కదులుతాయి. బెల్ (వెడల్పాటి మూతి) మీద తయారుచేసిన వాళ్ళ ముద్ర ఉందేమో చూడండి. మన బ్యాండుల వాయిద్యాలు ఎక్కువగా మీరట్ నుంచి వచ్చేవి. ఇద్దరూ కూర్చుని ఆ పని చేస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. ఆ పిల్లను కూడా అడగండి. ఆమె పెళ్ళి గురించే ఇంత జరుగుతుంటే ఉత్తరంలో ఎక్కడా ఆమె అభిప్రాయం లేదు. పాతికేళ్ళ ఉద్యోగస్తురాలు. తాత గురించి ఏం చెప్పాలో, ఏం చెప్పొద్దో ఆమెకూ ఒక ఆలోచన ఉంటుంది.

అచ్చుకు పంపడం ఆపిన ఈ నెలలు ఖాళీగా పోనివ్వకండి. నాయన బ్యాండును ఎవరూ ఎప్పుడూ రికార్డు చేయలేదని రాశారు. ఇంగ్లండు మిల్లు కార్మికుల వాయింపు 260 రికార్డుల్లో మీ ఇంట్లో ఉంది, గుంతకల్లు బ్యాండు వాయింపు ఎక్కడా లేదు. మీ అమ్మ ఉన్నారు. నాయనతో కలిసి వాయించిన ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారన్నారు. సెల్‌ఫోన్ ముందు పెట్టి అడగండి. అప్పగింతలప్పుడు ఏ పాట అందుకునేవాళ్ళు? కార్నెట్ నేర్పిందెవరు? స్వరాలు కాగితం మీద ఉండేవా, చెవితోనే పట్టేవాళ్ళా? కూలి ఎంత, ఎలా పంచుకునేవాళ్ళు? కార్నెట్ వాయించే ఆయన యుఫోనియం అంత సులువుగా ఎలా ఎత్తుకోగలిగాడో వాళ్ళ మాటల్లో వినండి. రెండింటికీ మొదటి మూడు మీటల మీద వేళ్ళ పట్టు ఒకటే. ఇంగ్లండు బ్యాండుల్లో కూడా మనుషులు ఒక వాయిద్యం నుంచి ఇంకోదానికి మారడం అందుకే తేలిక. తేడా అంతా పెదవుల దగ్గరా ఊపిరి దగ్గరా వస్తుంది. దాన్ని మీ నాయన ఎలా సర్దుకునేవారో చెప్పగలిగింది ఆ పక్కన నిలబడి వాయించినవాళ్ళే. అమ్మ 'ఆ కథలు ఇప్పుడెందుకులే నాయనా' అనొచ్చు. బలవంతం చేయొద్దు. ఇంకో రోజు ఇంకో ప్రశ్నతో పోండి.

చివరగా ఆ బూజు పట్టిన నాలుగు రికార్డులు. శానిటైజరు ముట్టించకండి. బరువుగా, మందంగా, కింద పడితే పింగాణీలా పగిలేలా ఉన్నాయని రాసినదాన్ని బట్టి అవి 78 స్పీడు రికార్డులు. లక్కతో చేసినవి. శానిటైజరులోనూ స్పిరిట్‌లోనూ ఉండే ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది, ఒక్క తుడుపుతోనే గాళ్ళు చెడిపోవచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి. లేబులు తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి నీడలో నిలబెట్టండి. ఎండలో పెట్టొద్దు. లేబుల్ మీద కంపెనీ పేరూ నంబరూ కనిపిస్తే రాసి పంపండి. వాటి గాడి ఎల్పీ గాడి కంటే మూడు నాలుగు రెట్లు వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. ఆ ముల్లు దొరికేదాకా వాటిని మీ ప్లేయర్ మీద పెట్టకండి.